మేకుకు వేలాడుతున్న సీసం కోటు

సంక్రాంతి వెళ్లిన వారానికి మా మనవరాలు స్కూటీ మీంచి పడింది. మణికట్టు బూరెలా పొంగింది. ఎముక విరిగిందో, బెణికిందో తేల్చుకుందామని గుడివాడలో ఒక డయాగ్నస్టిక్ సెంటరుకి తీసుకెళ్లాను. మా ముందు ఒక అమ్మాయి కూచుని ఉంది. నందివాడ వైపు పల్లె నుంచి వచ్చినట్టుంది, చంకలో రెండేళ్ల పిల్లాడు. వాడికి ఆయాసం. ఛాతీ ఎక్స్‌రే రాశారట. వాళ్ల వంతు రాగానే ఎక్స్‌రే తీసే కుర్రాడు లోపలికి పిలిచి, "పిల్లాణ్ణి కదలకుండా పట్టుకోమ్మా" అన్నాడు. తలుపు బార్లా తెరిచే ఉంది. గుమ్మం మీది ఎర్ర బల్బు వెలగడం లేదు. గుమ్మానికి ఆనుకుని నలుగురు నిలబడి ఉన్నారు. లోపల గోడకి ఒక మేకు, ఆ మేకుకు సీసం కోటు. మధ్యకి మడిచి తగిలించారు. దుమ్ము పట్టి ఉంది. దాని మీద ఎవరిదో తువ్వాలు ఆరేసి ఉంది.

నాకు కూచోబుద్ధి కాలేదు. లేచి వెళ్లి, "బాబూ, ఒక్క నిమిషం ఆగు" అన్నాను. ఆ అమ్మాయిని పక్కకి పిలిచి, "అమ్మా, నెల తప్పిందా?" అని మెల్లిగా అడిగాను. తల వంచుకుని, "ఏమోనండి తాతగారూ, పది రోజులు దాటింది" అంది. బయట బెంచీ మీద వాళ్ల అత్తగారున్నారు. ఆవిడని లోపలికి రమ్మని, మేకు మీది కోటు తీసి, దులిపి, ఆవిడకి తొడిగి, పిల్లాణ్ణి ఆవిడ చేతికిచ్చి, తలుపు వేశాను. ఇంతా అయ్యాక ఆ కుర్రాడు నాతో అన్న మాట: "ఏం కాదు తాతగారూ, ఇది డిజిటల్."

ముప్పై ఆరేళ్లు ఇదే పని చేసి రిటైరైన వాణ్ణి. బందరు, గుడివాడ, దివిసీమ, ఇంకా కృష్ణా జిల్లాలో ఎక్కడికి బదిలీ చేస్తే అక్కడికి వెళ్లి ఎక్స్‌రేలు తీశాను. ఆ 'ఏం కాదు' అన్న మాట ఇప్పటికీ చెవుల్లో గింగురుమంటోంది. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. వాడికి ఆ మాట నేర్పిన కాలం మీద ఉంది. వాడి గది తలుపు తట్టి, 'ఆ కోటు ఎందుకలా వేలాడుతోంది?' అని అడగాల్సిన వాళ్లు అడగనందుకు ఉంది.

మా రోజుల్లో సంగతి చెబుతాను. నేను గుంటూరు పెద్దాసుపత్రిలో పని నేర్చుకుని 1970లో ఉద్యోగంలో చేరాను. మాకు నేర్పిన పెద్దాయన మొదటి రోజు మెషీను దగ్గరికి రానివ్వలేదు. మూడు మాటలు చెప్పారు: తక్కువ సేపు, ఎక్కువ దూరం, మధ్యన అడ్డు. ఆ మూడూ నోటికి వచ్చాకే స్విచ్ ముట్టుకోనిచ్చారు. దూరం సంగతి చెప్పడానికి ఒక సాయంత్రం పెట్రోమాక్స్ లైటు వెలిగించి వరండాలో పెట్టారు. మీటరు దూరంలో నిలబడి పుస్తకం చదవమన్నారు. తర్వాత రెండు మీటర్ల దూరానికి జరగమన్నారు. "వెలుగు సగం తగ్గిందా?" అని అడిగారు. తగ్గినట్టుందన్నాను. "సగం కాదురా, నాలుగో వంతే మిగిలింది. మూడు మీటర్లకి వెళితే తొమ్మిదో వంతు. కంటికి కనపడే వెలుగు సంగతి ఇది. కంటికి కనపడనిదీ ఇదే లెక్క. ఒక్క అడుగు వెనక్కి వేస్తే నీ ప్రాణానికి ఎంత మేలో గుర్తుంచుకో" అన్నారు. యాభై ఏళ్లు దాటినా ఆ వరండా, ఆ లైటు చుట్టూ మూగిన ఉసిళ్లు నా కళ్ల ముందే ఉన్నాయి.

అప్పట్లో ఎక్స్‌రే అంటే పెద్ద విషయం. ఎదురుమొండి వాళ్లు పంటు ఎక్కి కృష్ణ దాటి, నాగాయలంక వచ్చి, అక్కడ బస్సు పట్టుకుని వచ్చేవాళ్లు. కోడూరు, పాలకాయతిప్ప నుంచి తెల్లవారుజామున బయల్దేరితే మధ్యాహ్నానికి మా గది ముందు కూచునేవాళ్లు. డాక్టరు గారు ముందు వీపు మీద వేళ్లతో తట్టి చూసేవారు, స్టెతస్కోపు పెట్టి ఊపిరి వినేవారు, కళ్లె చూసేవారు, పది ప్రశ్నలు అడిగేవారు. ఇవన్నీ అయి, అప్పటికీ అనుమానం తీరకపోతేనే ఎక్స్‌రే చీటీ రాసేవారు. ఫిల్ములు లెక్కపెట్టి వచ్చేవి. పాడైన ఫిల్ములకి ఒక రిజిస్టరు ఉండేది. నెలాఖరుకి సూపరింటెండెంటు గారు ఆ రిజిస్టరు తెరిచి, "ఈ నెల ఏడు ఫిల్ములు ఎందుకు పోయాయి?" అని నిలబెట్టి అడిగేవారు. ఏడు ఫిల్ములు పోయాయంటే ఏడుగురు మనుషుల మీద అనవసరంగా కిరణం వేశామని అర్థం. ఆ సంగతి ఆయనకీ తెలుసు, మాకూ తెలుసు.

ఫిల్ముకి ఇంకో గుణం ఉండేది. అది అబద్ధం చెప్పదు. కిరణం ఎక్కువ వేస్తే ఫిల్ము నల్లబడిపోయేది. డార్క్‌రూములో డెవలపరులోంచి తీసి, హైపోలో ముంచి, నీళ్లలో కడిగి, క్లిప్పులకి వేలాడదీసి వెలుగులోకి తెచ్చేసరికి మన తప్పు అందరి ముందూ ఆరుతూ ఉండేది. ఇప్పుడు డిజిటల్‌లో ఆ శిక్ష లేదు. కిరణం అవసరానికి రెండింతలు పడినా కంప్యూటరు బొమ్మని సరిచేసి అందంగా చూపిస్తుంది. పైగా ఎక్కువ పడితే బొమ్మ ఇంకా స్పష్టంగా వస్తుంది. దాంతో తీసేవాడి చెయ్యి తెలియకుండానే పైకి పాకుతుంది. బాగా రాలేదనుకుంటే మళ్లీ ఒకటి తీయొచ్చు, ఫిల్ము ఖర్చు లేదు, రిజిస్టరు లేదు, అడిగే సూపరింటెండెంటు లేడు. డిజిటల్ మెషీను మంచిదే. సరిగ్గా వాడితే పాతదానికన్నా తక్కువ కిరణంతో పని జరుగుతుంది. కానీ ఆ 'సరిగ్గా' అన్నది మెషీను చూసుకోదు, మనిషే చూసుకోవాలి. అందుకే 'డిజిటల్ కాబట్టి ఏం కాదు' అంటే నేను ఒప్పుకోను. డిజిటల్ కాబట్టే ఇంకాస్త కళ్లు తెరుచుకుని ఉండాలి.

మా కాలం అంతా బంగారమని నేను చెప్పడం లేదు. మాకు భయభక్తులుండేవి గానీ సామాను లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి నాలుగేళ్లూ నేను పనిచేసిన చోట సీసం కోటు ఒక్కటీ లేదు. ఎముకలు సరిచేసే డాక్టర్లు చీకటి గదిలో, పచ్చగా మెరిసే తెర ముందు, రోగి చెయ్యి పట్టుకుని లాగుతూ ఎముక కుదిరిందో లేదో చూసేవారు. చీకటికి కళ్లు అలవాటు పడాలని ముందు ఇరవై నిమిషాలు ఎర్రద్దాల కళ్లజోడు పెట్టుకుని తిరిగేవారు. ఆ తెర ముందు వాళ్ల వేళ్లు వట్టివే. ఒక పెద్ద డాక్టరు గారి వేళ్ల చర్మం ఎండి, చిట్లి, గోళ్ల మీద గీతలు పడ్డాయి. ఎండాకాలంలో కూడా చేతికి నూనె రాసుకునేవారు. వందల మంది విరిగిన ఎముకలు అతికించిన చేతులవి. ఆయన చివరి రోజుల్లో అన్నం కలుపుకోవడానికి పడ్డ కష్టం చూశాను. చూసి, కోటు కోసం, చేతి తొడుగుల కోసం కాగితం మీద కాగితం పెట్టాను. కోటు వచ్చిన రోజు దాన్ని మడవొద్దని, మడిస్తే లోపల సీసం పగిలి కిరణం దూరే సందులు పడతాయని, వెడల్పాటి కొయ్య హ్యాంగరు చేయించి దానికి వేలాడదీశాను. పాతికేళ్లు వాడాం ఆ కోటు.

నా వంతు పాపం కూడా చెప్పాలి. ఆ మొదటి నాలుగేళ్లలో ఎంతో మంది తల్లుల్ని పిల్లల్ని పట్టుకోమని ఆ గదిలో నిలబెట్టాను. అమ్మా, నీకు నెల తప్పిందా అని ఒక్కరినీ అడగలేదు. ఇరవై రెండేళ్ల వాణ్ణి, అడగడానికి సిగ్గు. ఎవరికేమైందో నాకు తెలియదు, ఏమీ కాలేదేమో కూడా. కడుపులోని బిడ్డకి, అందులోనూ మొదటి నెలల్లో, ఎవరికీ అవసరం లేని కిరణం ఒక్క చుక్క కూడా తగలకూడదని తర్వాత చదివి తెలుసుకున్నాను. అప్పటి నుంచి ప్రతి ఆడపిల్లనీ అడిగాను. మొన్న గుడివాడలో లేచి వెళ్లానంటే ఆ నాలుగేళ్ల బాకీయే నన్ను లేపింది.

కంటికి కనపడని ప్రమాదం అంటే నాకు ఇంకోటి గుర్తొస్తుంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన నాటికి నేను ఆ ప్రాంతంలోనే ఉన్నాను. కరెంటు స్తంభాలు నేలకూలాయి. మెషీను ఎన్నో రోజులు పనిచేయలేదు. కాళ్లూ చేతులూ విరిగిన వాళ్లని డాక్టర్లు చేతి వేళ్లతో తడిమి, వెదురు బద్దలు కట్టి పంపారు. ఉప్పెన రాత్రి దివిసీమకి ముందుగా చెప్పిన వాళ్లు లేరు, చెప్పినా నమ్మేంత గట్టిగా చెప్పలేదు. వేల మంది పోయారు. ఆ తర్వాత ప్రభుత్వాలు నేర్చుకున్నాయి. తుఫాను షెల్టర్లు కట్టారు. బందరులో వాతావరణ శాఖ వాళ్ల రాడారు వచ్చింది, తర్వాత డాప్లర్ రాడారు వచ్చింది. ఇప్పుడు సముద్రంలో గాలి లేస్తే నాగాయలంకలో దండోరా ముందే వేస్తారు, సొర్లగొందిలో జనాన్ని బస్సులెక్కిస్తారు. కంటికి ఇంకా కనపడని ప్రమాదం గురించి ముందే చెప్పి, చెయ్యి పట్టుకుని జనాన్ని అవతలికి తీసుకెళ్లడం మా ప్రభుత్వానికి చేతకాని పని కాదు. ఉప్పెన నేర్పింది, నేర్చుకుంది. కిరణం ఉప్పెనలా మీద పడదు కాబట్టి ఎవరికీ పట్టడం లేదు.

లెక్కలు చెబుతాను, నాకు కంఠతా వచ్చిన లెక్కలే. కిరణం ఒంటికి ఎంత తగిలిందో మిల్లీసీవర్టుల్లో కొలుస్తారు. నేల నుంచి, ఆకాశం నుంచి, తినే తిండి నుంచి మనిషికి ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్టులు ఎలాగూ తగులుతాయి. అది ప్రకృతి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి మిల్లీసీవర్టులో పదో వంతో, అంతకన్నా తక్కువో. కడుపుకి తీసే సీటీ స్కాన్ ఒకటి సుమారు 8 నుంచి 10. అంటే దాదాపు వంద ఛాతీ ఎక్స్‌రేల పెట్టు. మా వంటి పనివాళ్లకి ఐదేళ్ల సగటు మీద ఏడాదికి 20 దాటకూడదు, ఏ ఒక్క ఏడాదీ 30 దాటకూడదు. గుమ్మం దగ్గర నిలబడ్డ మామూలు జనానికి ఏడాదికి 1. రోగికి మాత్రం ఇంతని హద్దు లేదు. రోగికి హద్దు డాక్టరు గారి వివేకమే. ఇది తీస్తే వచ్చే మేలు, తగిలే కీడు కన్నా ఎక్కువని ఆయన మనసులో తూచుకుని రాయాలి. మా రోజుల్లో ఆ తూచుకోవడం కనపడేది. ఇప్పుడు తలనొప్పి అంటే సీటీ, కడుపునొప్పి అంటే సీటీ. పోయిన నెల విజయవాడలో తీసిన స్కాన్ చేతిలో పట్టుకుని వచ్చినా, అది పక్కన పెట్టి 'మా దగ్గర మళ్లీ తీయించండి' అనే చోట్లున్నాయి. జనం కూడా అలాగే తయారయ్యారు. స్కాన్ రాయని డాక్టరు డాక్టరే కాదంటున్నారు.

మాకు జేబు మీద బ్యాడ్జి ఉండేది. చిన్న డబ్బీలో మూడు బిళ్లలు. ఒంటికి తగిలిన కిరణాన్ని అవి దాచుకుంటాయి. మూడు నెలలకోసారి పంపితే వేడి చేసి, అవి వెలిగే వెలుగుని కొలిచి ఎంత తగిలిందో కాగితం మీద రాసి పంపేవారు. ఆ కాగితం వచ్చిన రోజు మా ఆవిడ కూడా అడిగేది, "ఈసారి ఎంతొచ్చింది?" అని. జీతం కాగితం ఎంత జాగ్రత్తగా దాచుకున్నానో ఆ కాగితాలూ అంత జాగ్రత్తగా దాచుకున్నాను. ఇప్పటికీ ట్రంకు పెట్టెలో ఉన్నాయి. మొన్న ఆ కుర్రాణ్ణి "నీ బ్యాడ్జి ఏదీ?" అంటే సొరుగు లాగి చూపించాడు. "పోతుందని లోపల పెట్టానండి" అన్నాడు. సొరుగులో ఉన్న బ్యాడ్జి సొరుగుకి ఎంత తగిలిందో చెబుతుంది, వాడికి ఎంత తగిలిందో చెప్పదు. వాడికి ఇరవై నాలుగేళ్లు. పెళ్లి కావాలి, పిల్లలు కలగాలి. వాడి గురించి దిగులు పడాల్సింది వాళ్లమ్మ ఒక్కతేనా?

ఇక ఎవరు చూడాలన్న ప్రశ్న. చట్టం లేదని ఎవరూ అనలేరు. 1962లో అణుశక్తి చట్టం వచ్చింది. 1983 నవంబరు 15న అణుశక్తి నియంత్రణ మండలి ఏర్పడింది. 2004లో రేడియేషన్ రక్షణ నిబంధనలు వచ్చాయి. ఎక్స్‌రే గది ఎలా ఉండాలో మండలి రాసి పెట్టింది. నేరుగా కిరణం పడే గోడ 35 సెంటీమీటర్ల ఇటుక గోడగానీ, దానికి సమానమైన అడ్డుగానీ ఉండాలి. తలుపుకి సీసం రేకు ఉండాలి. గుమ్మం మీద ఎర్ర దీపం, మూడు రెక్కల రేడియేషన్ గుర్తు, గర్భిణులు ముందే చెప్పాలన్న బోర్డు ఉండాలి. కోటులో కనీసం పావు మిల్లీమీటరు సీసానికి సమానమైన అడ్డుండాలి. మెషీను నడపడానికి అనుమతి కావాలి, ఇప్పుడది కంప్యూటరులోనే ఇస్తున్నారు. రెండేళ్లకోసారి మెషీనుని పరీక్ష చేయించాలి. ఇంత చక్కగా రాసిన పెద్దలకి నా నమస్కారం. కానీ మండలి ఉన్నది ముంబైలో. దక్షిణాదికి దాని ప్రాంతీయ కేంద్రం చెన్నైలో. అవనిగడ్డలో ఒక సందు చివర, ఒకప్పుడు కిరాణా కొట్టున్న గదిలో పెట్టిన ఎక్స్‌రే మెషీను చెన్నైకి ఎలా కనపడుతుంది?

ఇది నా ఒక్కడి గొణుగుడు కాదు. 2012లో ప్రభుత్వ ఖాతాలు తనిఖీ చేసే కాగ్ నివేదికే చెప్పింది. అప్పటికి దేశంలో వైద్యానికి వాడే ఎక్స్‌రే యూనిట్లు 57,443 ఉంటే, మండలి దగ్గర నమోదైనవి 5,270 మాత్రమే. మిగతా 52,173 మండలి దగ్గర నమోదు లేకుండానే నడిచేవి. నూటికి తొంభైకి పైగా! ప్రతి రాష్ట్రమూ తన సొంత రేడియేషన్ భద్రత డైరెక్టరేట్ పెట్టుకోవాలని 2001లోనే సుప్రీంకోర్టు చెప్పినా, పదకొండేళ్ల తర్వాత కూడా పెట్టుకున్న రాష్ట్రాలు కేరళ, మిజోరం రెండేనని అదే నివేదిక రాసింది. ఆ రెండు పేర్లు చదివినప్పుడు కేరళ వాళ్లంటే గౌరవం కలిగింది. కొండల్లో ఉన్న చిన్న మిజోరం చేసిన పని, బ్యారేజీలు కట్టి డెల్టాని పండించిన మా రాష్ట్రం చేయలేదని చదివి మనసు చివుక్కుమంది. ఆ నివేదిక తర్వాత నమోదులు బాగా పెరిగాయి, సంతోషం. అయితే కంప్యూటరులో నమోదు వేరు, మనిషి వచ్చి తలుపు తీసి చూడడం వేరు. నేను పనిచేసిన ముప్పై ఆరేళ్లలోనూ, తర్వాతా, మా వైపు ఊళ్లలో కొలిచే మీటరు చేత్తో పట్టుకుని ఎక్స్‌రే గది గోడ అవతల నిలబడి కొలిచిన రాష్ట్ర అధికారిని నేను కళ్లారా చూడలేదు.

రాష్ట్రానికి చేతకాదా అంటే, చేతనవునని చూపించే గది ఆ పక్కనే ఉంది. ఏ స్కానింగ్ సెంటరుకైనా వెళ్లి చూడండి. 'ఇక్కడ లింగ నిర్ధారణ పరీక్షలు చేయబడవు' అని కొట్టొచ్చినట్టు బోర్డు ఉంటుంది. 1994లో చట్టం తెచ్చారు. మెషీను ఎవరు కొన్నా నమోదు చేసుకోవాలి, గర్భిణికి స్కానింగ్ చేస్తే ఫారం నింపాలి, జిల్లా వైద్యాధికారులు వచ్చి రిజిస్టర్లు చూడొచ్చు, తప్పుంటే మెషీనుకి సీలు వేయొచ్చు. ఆడపిల్లల ప్రాణం కోసం చేసిన చట్టం అది, మంచి చట్టం. ఆ స్కానింగ్ మెషీనులో రేడియేషన్ లేదు. అది శబ్ద తరంగాలతో నడుస్తుంది. రేడియేషన్ ఉన్నది పక్క గదిలో. కడుపులోని ఆడబిడ్డని కాపాడడానికి స్కానింగ్ గది చూసే అధికారి, అదే బిడ్డకి అనవసరపు కిరణం తగలకుండా నాలుగడుగులు వేసి పక్క గది తలుపు కూడా తీయాలి. ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకి 2002లో మా రాష్ట్రమే చట్టం చేసింది. నమోదు చేసే చెయ్యికి చూసే కళ్లు కూడా ఉండాలి.

జనం భయం కూడా తప్పుదారి పట్టింది. మా వీధిలో సెల్ టవరు పెడతామంటే ఊరంతా కదిలి వచ్చి ధర్నా చేశారు. ఆ టవరు తరంగానికి, ఎక్స్‌రే కిరణానికి ఒకటే పేరు పెట్టి రేడియేషన్ అంటున్నాం గానీ రెండూ ఒకటి కావు. ఎక్స్‌రే ఒంట్లోని అణువుల్ని చీల్చగలదు. టవరు తరంగానికి అంత బలం లేదు. అయినా అనుమానం మంచిదే కాబట్టి 2012 సెప్టెంబరు 1 నుంచి మన దేశంలో టవర్లకి అంతర్జాతీయ హద్దులో పదో వంతే అనుమతిస్తున్నారు. టవరు కోసం రోడ్డెక్కిన వాళ్లలో ఒక్కరైనా మా ఊరి ఎక్స్‌రే గదికి ఎర్ర బల్బు ఎందుకు వెలగడం లేదని అడిగారా? టవరు కంటికి కనపడుతుంది. బల్బు ఆరిపోయిన సంగతి కనపడదు.

ఒక సంగతి మాత్రం జనానికి ధైర్యంగా చెబుతాను. ఎక్స్‌రే మెషీను స్విచ్ ఆపితే దానిలో కిరణం ఉండదు, గదిలోనూ మిగలదు. పాత ఎక్స్‌రే మెషీను పాత ఇనుప సామాన్ల వాడి చేతికి వెళ్లినా దాని నుంచి కిరణం భయం లేదు. కోబాల్ట్ వంటి పదార్థం అలా కాదు, దానికి స్విచ్ లేదు. 2010లో ఢిల్లీ మాయాపురిలో ఏం జరిగిందో అందరూ తెలుసుకోవాలి. ఒక విశ్వవిద్యాలయం మూలన పడేసిన కోబాల్ట్ యంత్రాన్ని వేలంలో పాత సామాన్లు కొనేవాళ్లకి అమ్మేశారు. వాళ్లు దాన్ని విప్పారు. ఒకరు చనిపోయారు, మరికొందరు ఒళ్లు కాలి మంచాన పడ్డారు. మన ఊళ్లలో సైకిలు మీద 'పాత సామాన్లు కొంటాం' అని తిరిగే వాళ్లకి ఆ మూడు రెక్కల గుర్తు చూపించి, ఇది కనపడితే ముట్టుకోవద్దు, పోలీసులకి చెప్పమని ఎవరైనా నేర్పారా? బడిలో నేర్పితే చాలు, పిల్లలు ఇంటికెళ్లి నాన్నలకి చెబుతారు.

మా బందరు కొలతలు తెలిసిన ఊరు. 1926లోనే ఆంధ్రా సైంటిఫిక్ కంపెనీ అక్కడ వెలిసింది. బడి ప్రయోగశాలలకి పరికరాలు చేసింది. 1983లో భారత్ ఎలక్ట్రానిక్స్ దాన్ని తీసుకుంది. 2023 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల కూడా ఉంది. ఇలాంటి జిల్లాకి రేడియేషన్ కొలిచే మీటరు ఒకటి, దాన్ని చదవడం వచ్చిన ఇద్దరు మనుషులు, తిరగడానికి ఒక జీపు ఇవ్వడం గొప్ప ఖర్చా? ఏడాదికి ఒక్కసారి ప్రతి ఎక్స్‌రే గదికీ వెళ్లాలి. తలుపు మూస్తున్నారా, దీపం వెలుగుతోందా, కోటు పగలలేదా, బ్యాడ్జి ఒంటి మీద ఉందా, గోడ అవతల మీటరు ఏం చెబుతోంది? ఈ ఐదూ చూసి, చూసిన తేదీ గుమ్మం మీద తెలుగులో అంటించాలి. తూకపు రాళ్లకి ముద్ర వేయడం లేదూ? రాయికి వేసే ముద్ర మనిషి ఒంటిని తాకే కిరణానికి ఎందుకు వేయరు?

అప్పటిదాకా మనం చేయగలిగింది ఉంది. ఆడపిల్లలూ, మీకు నెల తప్పిందన్న అనుమానం ఉన్నా సరే, వాళ్లు అడక్కపోయినా మీరే చెప్పండి. సిగ్గు పడొద్దు. పిల్లాణ్ణి పట్టుకోవలసి వస్తే తాతనో, నాయనమ్మనో, నాన్ననో పట్టుకోమనండి, కోటు తొడగమనండి. మీ వంతు కానప్పుడు గుమ్మం దగ్గర నిలబడకండి. తీసిన ఫిల్ములూ, సీడీలూ దాచుకుని తర్వాతి డాక్టరుకి చూపించండి. ఈ ఎక్స్‌రే నిజంగా కావాలా అని డాక్టరు గారిని మర్యాదగా అడగండి. కావాలంటే మాత్రం భయపడకుండా తీయించుకోండి. క్షయని, విరిగిన ఎముకని పట్టిచ్చి ఎందరి ప్రాణాలో కాపాడిన కిరణం అది. దాన్ని చూసి పారిపోమని నా ఉద్దేశం కాదు. దాని ముందు వినయంగా ఉండాలని.

మా మనవరాలి మణికట్టు విరగలేదు, బెణికిందంతే. బయటికి రాగానే బస్టాండు వైపు నడిచి, ఒక ఎలక్ట్రికల్ షాపులో ఎర్ర బల్బు కొన్నాను. వెనక్కి వెళ్లి ఆ కుర్రాడి చేతికిచ్చాను. స్టూలు వేసుకుని బిగించాడు. స్విచ్ వేస్తే వెలిగింది. సొరుగు తీసి బ్యాడ్జి జేబుకి పెట్టుకున్నాడు. "మాస్టారూ, కోటుకి హ్యాంగరు ఎక్కడ దొరుకుతుందండీ?" అని అడిగాడు. మంచి పిల్లాడు. వాడికి చెప్పిన వాళ్లు లేక గానీ, చెబితే వినే పిల్లాడే.

ఒక గదికి బల్బు నేను కొనిచ్చాను. గుడివాడ నుంచి హంసలదీవి దాకా ఉన్న ప్రతి గదికీ నేను కొనివ్వలేను. ఆ గదులన్నీ తిరిగి చూడాల్సింది ప్రభుత్వం. నా కాళ్లు నడిచినన్నాళ్లు నేను అడుగుతూనే ఉంటాను.